లినక్స్‌లో డిస్కు డివైస్ ఫైళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్‌కు కొత్తగా వచ్చినవారు అన్నిటికంటే ఎక్కువగా డిస్కుల దగ్గర తడబడతారు. సి, డి, ఇ అనే డ్రైవులకు అలవాటుపడిన కంటికి, పరికరాల ఫైళ్లుండే /డెవ్ డైరెక్టరీ లోపలి పేర్లు ఒక పట్టాన కొరుకుడు పడవు. అర్థం చేసుకోకుండా ఎక్కడో చూసిన కమాండును ఉన్నదున్నట్టు కొట్టేస్తే, ఏళ్ల తరబడి దాచుకున్న డేటా ఒక్క ఎంటర్‌తో పోతుంది. నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పే జవాబులనూ ఇక్కడ ఒకచోట పెట్టాను. కమాండులు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో రాశాను; టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైపు చేయాలి, పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప.

డివైస్ ఫైలు అంటే ఏమిటి? అది నిజంగా ఫైలేనా?

దానికి పేరుంది, యజమాని ఉన్నారు, అనుమతులున్నాయి. ఆ లెక్కన ఫైలే. కానీ లోపల దాచిన సమాచారమంటూ ఏమీ ఉండదు. మామూలు ఫైలు తాలూకు ఐనోడ్‌లో, అంటే ఫైలు వివరాలుండే రికార్డులో, దాని డేటా డిస్కుమీద ఏయే చోట్ల ఉందో రాసి ఉంటుంది. డివైస్ ఫైలు ఐనోడ్‌లో ఆ చిరునామాల బదులు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మేజర్ నంబరు, రెండోది మైనర్ నంబరు. ఏదైనా ప్రోగ్రాము ఆ ఫైలును తెరవగానే, లినక్స్ మూల ప్రోగ్రామైన కెర్నల్ మేజర్ నంబరును బట్టి ఏ డ్రైవరును పిలవాలో తెలుసుకుంటుంది. ఆ డ్రైవరు చూసుకునే పరికరాల్లో ఇది ఎన్నోదో మైనర్ నంబరు చెబుతుంది.

ఇది కొత్త ఏర్పాటు కాదు. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్‌ను తయారుచేసిన డెన్నిస్ రిచీ, కెన్ థామ్సన్ 1974లో ప్రచురించిన వ్యాసంలోనే వీటిని స్పెషల్ ఫైళ్లు అని వివరించారు. ఫైలును చదివే పద్ధతిలోనే పరికరాన్నీ చదవవచ్చు, ఫైలుకు వేసే తాళమే పరికరానికీ వేయవచ్చు అన్నది వారి ఆలోచన. యాభై ఏళ్లు దాటినా మనం వాడుతున్నది అదే. డిస్కును నకలు తీయడానికి వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, ఫైళ్లను కాపీ చేసే కమాండే చాలు అంటే ఆ ఆలోచన పుణ్యమే.

ఎల్ఎస్ కమాండు చూపించే వరుసను ఎలా చదవాలి?

ఎల్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీఏ అని కొడితే ఇలాంటి వరుస వస్తుంది:

బీఆర్‌డబ్ల్యూ-ఆర్‌డబ్ల్యూ---- 1 రూట్ డిస్క్ 8, 0 /డెవ్/ఎస్‌డీఏ

తేదీ, సమయం నేను వదిలేశాను. మొట్టమొదటి అక్షరం బీ అంటే ఇది బ్లాక్ డివైస్. సీ ఉంటే క్యారెక్టర్ డివైస్. డీ ఉంటే డైరెక్టరీ, అడ్డగీత ఉంటే మామూలు ఫైలు. తర్వాత అనుమతులు, యజమాని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్), గ్రూపు డిస్క్. ఆ తర్వాత మామూలు ఫైలుకైతే పరిమాణం ఉండాల్సిన చోట కామాతో విడదీసిన 8, 0 కనిపిస్తాయి. ఇందాక చెప్పిన మేజర్, మైనర్ నంబర్లు ఇవే.

8 అనేది స్కజీ (డిస్కులను కంప్యూటర్‌తో కలిపే ఒక ప్రమాణం) డిస్కు డ్రైవరు నంబరు. మొదటి డిస్కు ఎస్‌డీఏకి మైనర్ 0, దాని మొదటి పార్టిషన్ ఎస్‌డీఏ1కి 1, రెండోదానికి 2. రెండో డిస్కు ఎస్‌డీబీ 16 దగ్గర మొదలవుతుంది, మూడోది 32 దగ్గర. అంటే ఒక్కో డిస్కుకు పదహారు అంకెలు కేటాయించారు. మొత్తం డిస్కుకు ఒకటి పోగా పార్టిషన్లకు మిగిలేవి పదిహేను. అంతకన్నా ఎక్కువ పార్టిషన్లు చేస్తే పదహారో పార్టిషన్ నుంచి 259 అనే వేరే మేజర్ నంబరు కింద చేరతాయి.

పేరు మనకోసం, అంకె కెర్నల్ కోసం. ఈ మాట నమ్మకం కుదరకపోతే రూట్‌గా మేక్‌నాడ్ కమాండుతో బీ, 8, 0 అని ఇచ్చి మీకు నచ్చిన పేరుతో ఒక డివైస్ ఫైలు చేసి చూడండి. దాని మొదటి 512 బైట్లు, ఎస్‌డీఏ మొదటి 512 బైట్లు అచ్చంగా ఒకటే ఉంటాయి. చదివి చూడటం వరకే చేయండి, పని కాగానే దాన్ని తొలగించండి. దాంట్లో రాస్తే అసలు డిస్కుమీదే రాసినట్టు.

బ్లాక్ డివైస్‌కూ క్యారెక్టర్ డివైస్‌కూ తేడా ఏమిటి?

బ్లాక్ డివైస్‌లో ఎక్కడినుంచైనా ఎక్కడికైనా వెళ్లి చదవవచ్చు, ఆ చదువూ రాతా కెర్నల్ కాష్ (మెమొరీలోని తాత్కాలిక నిల్వ) మీదుగా జరుగుతాయి. క్యారెక్టర్ డివైస్‌కు ఆ కాష్ ఉండదు. కీబోర్డు, టెర్మినల్, /డెవ్/నల్ లాంటివి ఈ రకం.

లినక్స్‌లో డిస్కులన్నీ బ్లాక్ డివైస్‌లే. మిగతా యునిక్స్ కుటుంబంలో అలా కాదు. మ్యాక్‌ఓఎస్‌లో ఒకే డిస్కుకు డిస్క్2, ఆర్‌డిస్క్2 అని రెండు పేర్లుంటాయి. ముందు ఆర్ ఉన్నది కాష్ లేని దారి. పెద్ద ఇమేజి రాసేటప్పుడు ఆ దారిలో పని చాలా త్వరగా అవుతుంది. ఫ్రీబీఎస్‌డీలో డిస్కులకు బ్లాక్ డివైస్‌లను పూర్తిగా తీసేశారు, అక్కడ ఎల్ఎస్ కొడితే డిస్కు ముందు కూడా సీ కనిపిస్తుంది. పేర్లూ వేరు: సాటా డిస్కు ఏడీఏ0, యూఎస్‌బీ డిస్కు డీఏ0. ఓపెన్‌బీఎస్‌డీలో ఎస్‌డీ0 తర్వాత సీ అనే అక్షరం వస్తే మూడో పార్టిషన్ అనుకోకండి, అది మొత్తం డిస్కు. లినక్స్ అలవాటుతో అక్కడ అడుగుపెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నాది సాటా డిస్కు. దానికి స్కజీ పేరు ఎందుకు?

ఎస్‌డీ అంటే స్కజీ డిస్కు అన్నది నిజమే. పాత ఐడీఈ డిస్కుల కాలంలో వాటికి హెచ్‌డీఏ, హెచ్‌డీబీ అనే వేరే పేర్లు ఉండేవి. తర్వాత సాటా డ్రైవర్లను కెర్నల్‌లోని స్కజీ పొర మీద కట్టారు, పాత ఐడీఈ కూడా ఆ గూటికే చేరింది. యూఎస్‌బీ పెన్ డ్రైవ్ అయితే స్కజీ భాషలోనే మాట్లాడుతుంది. అందుకే అన్నీ ఎస్‌డీ వరుసలోకి వచ్చాయి. ఇరవై ఆరు డిస్కులు దాటితే ఎస్‌డీజెడ్ తర్వాత ఎస్‌డీఏఏ వస్తుంది.

మరి ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 లాంటి పొడుగు పేరు ఎందుకు?

ఈ పేరును ముక్కలుగా చదవాలి. ఎన్‌వీఎంఈ0 అంటే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీల మొదటి కంట్రోలర్. ఎన్1 అంటే దానిలోని మొదటి నేమ్‌స్పేస్, అంటే ఒక డిస్కులా కనిపించే భాగం; ఇంట్లో వాడే కంప్యూటర్లలో సాధారణంగా ఒక్కటే ఉంటుంది. పీ2 అంటే రెండో పార్టిషన్. పీ ఎందుకంటే డిస్కు పేరే అంకెతో ముగుస్తోంది. దాని పక్కనే ఇంకో అంకె పెడితే పన్నెండో నేమ్‌స్పేసా, రెండో పార్టిషనా అన్న సందేహం వస్తుంది. రాస్‌ప్‌బెరీ పై ఎస్‌డీ కార్డుకు ఎంఎంసీబీఎల్‌కే0పీ1 అని వచ్చేదీ ఈ కారణం వల్లే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. /డెవ్/ఎన్‌వీఎంఈ0 అని ఎన్1 లేకుండా మరో ఫైలు కూడా ఉంటుంది. అది డిస్కు కాదు, కంట్రోలర్‌తో మాట్లాడే క్యారెక్టర్ డివైస్. దాన్ని మౌంట్ చేయబోయి (ఫైళ్లు వాడుకునేలా ఒక డైరెక్టరీకి తగిలించబోయి) కుదరక డిస్కు పాడైందేమోనని బెంగపడినవారిని చూశాను.

ఎస్‌డీఏ1 తర్వాత నేరుగా ఎస్‌డీఏ5 ఉంది. 2, 3, 4 ఏమయ్యాయి?

మీ డిస్కుమీద ఉన్నది పాత ఎంబీఆర్ రకం పార్టిషన్ పట్టిక. దాంట్లో నాలుగు గళ్లే ఉంటాయి, కాబట్టి 1 నుంచి 4 వరకు ప్రైమరీ, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్లకే. ఎక్స్‌టెండెడ్ లోపల చేసే లాజికల్ పార్టిషన్ల లెక్క ఎప్పుడూ 5తో మొదలవుతుంది. కొత్త రకమైన జీపీటీ పట్టికలో ఈ బాధ లేదు, మామూలుగా 128 గళ్లు ఉంటాయి. 512 బైట్ల సెక్టార్లున్న డిస్కుమీద ఎంబీఆర్ 2 టెబీబైట్లు దాటి చూడలేదు కూడా. కొత్త డిస్కు అయితే జీపీటీయే పెట్టండి.

నిన్న ఎస్‌డీబీగా ఉన్న డిస్కు ఈ రోజు ఎస్‌డీసీ అయింది. ఎలా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఎస్‌డీబీ అన్నది డిస్కు పేరు కాదు. క్యూలో దానికి ఆ పూట దొరికిన టోకెన్ నంబరు. కెర్నల్‌కు ఏ డిస్కు ముందు కనిపిస్తే దానికి ముందు అక్షరం దక్కుతుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు అదనంగా తగిలించి ఉన్నా, ఒక డిస్కు మేలుకోవడం కాస్త ఆలస్యమైనా వరుస మారిపోతుంది.

నాకు ఇది చదివితే వచ్చిన జ్ఞానం కాదు. ఒక రాత్రి పెన్ డ్రైవ్ మీద లినక్స్ ఇమేజి రాశాను. అప్పుడది ఎస్‌డీబీ. మర్నాడు ఒక మిత్రుడు తన చెల్లెలి పెళ్లి ఫొటోలున్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఇచ్చాడు, కాపీ చేసి పెట్టమని. దాన్ని తగిలించి కంప్యూటర్ ఆన్ చేశాను. కాపీ మొదలుపెట్టేలోగా, నిన్నటి ఇమేజి సరిగా బూట్ కాలేదు కదా, మళ్లీ రాద్దామనుకుని పెన్ డ్రైవ్ కూడా పెట్టాను. పై బాణం నొక్కితే నిన్నటి కమాండు అలాగే వచ్చింది. ఎంటర్ కొట్టాను. పెన్ డ్రైవ్ మీది లైటు వెలగలేదు, పక్కనున్న డిస్కు లైటు మిణుకుమనడం మొదలుపెట్టింది. నా వేళ్లు కంట్రోల్, సీ మీదికి వెళ్లేసరికి కొన్ని వందల మెగాబైట్లు ఎక్కేశాయి. పార్టిషన్ పట్టిక పోయింది, ఫైల్ సిస్టమ్ మొదటి భాగం పోయింది. రెండు రోజులు కూర్చుని చాలావరకు ఫొటోలు వెనక్కి తెచ్చాను. డిస్కు మొదట్లో ఉన్నవి మాత్రం తిరిగి రాలేదు. వాటిలో తలంబ్రాల ఫొటోలున్నాయి. ఆ తర్వాత పాత కమాండును పై బాణంతో తెచ్చి డిస్కుమీద రాసే పని నేను ఏనాడూ చేయలేదు. మీరూ చేయకండి.

మారని పేర్లు కావాలంటే /డెవ్/డిస్క్ డైరెక్టరీలోకి వెళ్లండి. అక్కడ బై-ఐడీ, బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పాత్, బై-పార్ట్‌యూయూఐడీ అనే డైరెక్టరీలు ఉంటాయి. వాటిలో ఉండేవి లింకులు. పరికరం కనిపించినప్పుడల్లా యూడెవ్ అనే కార్యక్రమం వాటిని తయారుచేస్తుంది. బై-ఐడీలో తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు కలిసిన పేరు ఉంటుంది. ఆ సీరియల్ నంబరును డిస్కు ఒంటిమీది స్టిక్కరుతో సరిచూసుకోవచ్చు. బై-పాత్ డిస్కును కాక, అది ఏ పోర్టుకు తగిలించి ఉందో చెబుతుంది. డిస్కుమీద రాసే ఏ పనికైనా నేను వాడేది బై-ఐడీ పేరే. పొడుగే, టైపు చేయడం విసుగే. ట్యాబ్ కీ ఆ విసుగును తగ్గిస్తుంది, ఆ పొడుగే మనల్ని ఒక్క క్షణం ఆగి చదివేలా చేస్తుంది.

ఎఫ్‌స్టాబ్‌లో ఏ పేరు రాయాలి?

ఎఫ్‌స్టాబ్ అంటే ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉంచే ఫైలు. దాంట్లో యూయూఐడీ రాయండి. ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే ప్రతి పార్టిషన్ పక్కనా దాని యూయూఐడీ కనిపిస్తుంది. ఇది ఫైల్ సిస్టమ్ సృష్టించినప్పుడు దానిలోనే రాసిపెట్టిన గుర్తు. డిస్కును ఏ పోర్టుకు మార్చినా మారదు, ఫార్మాట్ చేస్తే మాత్రం కొత్తది వస్తుంది.

తీసి పెట్టే డిస్కు అయితే ఆ వరుసలో నోఫెయిల్ అనే ఐచ్ఛికం తప్పకుండా చేర్చండి. అది లేకపోతే, డిస్కు తగిలించని రోజున, సిస్టమ్‌ను మొదలుపెట్టే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి మిమ్మల్ని ఎమర్జెన్సీ మోడ్‌లో వదిలేస్తుంది. ఊరు వెళ్తూ ఎక్స్‌టర్నల్ డిస్కు తీసుకుపోతే ఇంట్లోవాళ్లకు కంప్యూటర్ తెరుచుకోదు.

ఇంకో చిక్కు ఉంది. డిస్కును డీడీ (బైటుకు బైటు కాపీ చేసే కమాండు)తో నకలు తీస్తే యూయూఐడీ కూడా నకలవుతుంది. రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి ఉంటే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే ఒకే గుర్తున్న రెండోదాన్ని మౌంట్ చేయనివ్వదు. ఎక్స్‌ట్4లో ట్యూన్2ఎఫ్‌ఎస్ -యూ ర్యాండమ్‌తో (ఇక్కడ యూ పెద్ద అక్షరం) నకలుకు కొత్త గుర్తు ఇవ్వండి.

లేబుల్ తెలుగులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ కొలత చూసుకోవాలి. ఎక్స్‌ట్4 లేబుల్‌కు ఉన్న చోటు 16 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోదానికి, గుణింతపు గుర్తుకూ విడిగా, మూడేసి బైట్లు పడుతుంది. పాటలు అనే మాటలో ప, దీర్ఘం, ట, ల, కొమ్ము కలిపి ఐదు. 15 బైట్లు, సరిగ్గా సరిపోతుంది. తెలుగు అనే మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు, 18 బైట్లు. మన భాష పేరే పట్టదు. చివరి కొమ్ములో ఒక బైటు మాత్రం లోపల పడి, మిగతా రెండు తెగిపోతాయి. బై-లేబుల్‌లో చూస్తే తెలుగ అన్న ముక్క పక్కన ఆ విరిగిన బైటు తాలూకు సంకేతం కనిపిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఇంకా ఇరుకు, 12 బైట్లే.

ఎక్స్‌ఫ్యాట్ ఇక్కడ మేలు. దాని లేబుల్‌కు 11 యూనికోడ్ అక్షరాల చోటుంది, తెలుగు అన్న మాట హాయిగా పడుతుంది. నా పెన్ డ్రైవ్‌కు ఆ పేరే పెట్టుకున్నాను.

ఐఎస్‌ఓ ఇమేజిని ఎస్‌డీబీకి రాయాలా, ఎస్‌డీబీ1కి రాయాలా?

ఎస్‌డీబీకి, అంటే మొత్తం డిస్కుకు. లినక్స్ ఇమేజీల్లో బూట్ సెక్టారు, పార్టిషన్ పట్టిక ముందే ఉంటాయి, అవి డిస్కు మొట్టమొదటి సెక్టారు నుంచీ పరుచుకోవాలి. ఎస్‌డీబీ1కి రాస్తే రాత పూర్తవుతుంది గానీ అది బూట్ కాదు.

రాసే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్,మౌంట్‌పాయింట్ అని కొట్టండి. పెన్ డ్రైవ్ పీకి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి. ఏ వరుస కొత్తగా వచ్చిందో అదే మీది. మౌంట్ అయి ఉంటే ముందు అన్‌మౌంట్ చేయండి. మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ కిందనుంచి డిస్కును మార్చేస్తే రెండు చేతులు ఒకే కాగితం మీద రాసినట్టు అవుతుంది.

డీడీకి బీఎస్=4ఎం (ఇక్కడ ఎం పెద్ద అక్షరం), స్టేటస్=ప్రోగ్రెస్, కన్వ్=నోక్రియట్,ఎఫ్‌సింక్ ఇవ్వండి. ఎఫ్‌సింక్ ఎందుకంటే, రాత ముందు కాష్‌లోకి వెళ్తుంది. తెరమీద వేగం ఆశ్చర్యపరిచేంత కనిపించి, పని అయిపోయిందని వచ్చేస్తుంది, పెన్ డ్రైవ్‌లోకి మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అప్పుడు పీకేస్తే సగం ఇమేజే మిగులుతుంది.

నోక్రియట్ సంగతి తెలిసినవారు తక్కువ. ఎస్‌డీబీ అనబోయి లేని ఎస్‌డీఎక్స్ అని కొట్టారనుకోండి. డీడీ అభ్యంతరం చెప్పదు, /డెవ్‌లో ఎస్‌డీఎక్స్ అనే మామూలు ఫైలును సృష్టించి దాంట్లో ఇమేజిని పోయడం మొదలుపెడుతుంది. /డెవ్ ఉండేది మెమొరీలో. ఆ ఫైలు మెమొరీని తినేస్తుంది, లేదా స్థలం లేదన్న సందేశంతో ఆగుతుంది. ఎల్ఎస్ -ఎల్‌లో మొదటి అక్షరం బీ బదులు అడ్డగీత కనిపిస్తే జరిగింది ఇదే, ఆ ఫైలును తొలగించండి. నోక్రియట్ ఇస్తే లేని పేరు దగ్గరే కమాండు ఆగిపోతుంది.

అనుమతి లేదంటోంది. నన్ను నేను డిస్క్ గ్రూపులో చేర్చుకోవచ్చా?

వద్దు. ఆ గ్రూపులో ఉన్నవారు డిస్కును నేరుగా చదవగలరు, రాయగలరు. ఫైళ్లకు మీరు పెట్టిన అనుమతులన్నీ ఫైల్ సిస్టమ్ పొరలో ఉంటాయి, డిస్కును కిందనుంచి తెరిచేవారికి అవి అడ్డు రావు. డీబగ్‌ఎఫ్‌ఎస్ లాంటి పనిముట్టుతో పాస్‌వర్డుల షాడో ఫైలును కూడా బయటకు తీయవచ్చు. అది రూట్ అధికారంతో సమానం. అవసరమైన ఆ ఒక్క కమాండుకు రూట్ అధికారమిచ్చే సుడో వాడండి.

500 జీబీ డిస్కు కొన్నాను, 465 చూపిస్తోంది. మోసమా?

కాదు. తయారీదారు జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. ఎల్ఎస్‌బీఎల్‌కే 1024ను మూడుసార్లు హెచ్చించిన లెక్క వాడుతుంది. సరిగ్గా ఎన్ని బైట్లో కావాలంటే బ్లాక్‌డెవ్ --గెట్‌సైజ్64 అడగండి. /సిస్/బ్లాక్/ఎస్‌డీఏ/సైజ్‌లో ఉండే అంకె మాత్రం ఎప్పుడూ 512 బైట్ల ముక్కల్లోనే ఉంటుంది, డిస్కు అసలు సెక్టారు 4096 బైట్లయినా సరే.

డీఎం-0, ఎండీ0, లూప్0 అనేవి ఎక్కడి డిస్కులు?

చేతితో పట్టుకోగల డిస్కులు కావు. డీఎం-0 వెనుక ఎల్‌వీఎం (డిస్కుల చోటును కలిపి పంచే పొర) గానీ, లక్స్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉంటుంది. దాన్ని /డెవ్/మ్యాపర్ కింద ఉన్న పేరుతోనే పిలవండి, డీఎం అంకె మారవచ్చు. ఎండీ0 సాఫ్ట్‌వేర్ రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడటం. లూప్0 అంటే ఒక ఫైలునే డిస్కుగా చూపించడం. ఉబుంటులో లూప్‌లు బారులు తీరి కనిపిస్తే స్నాప్ ప్యాకేజీలు అలా మౌంట్ అయ్యాయని అర్థం, కంగారు అక్కర్లేదు.

పొరపాటున /డెవ్/ఎస్‌డీఏ ఫైలును తొలగించాను. డేటా పోయినట్టేనా?

పోలేదు. తలుపు మీది పేరు పలక ఊడింది, ఇల్లు ఇల్లుగానే ఉంది. మౌంట్ అయి ఉన్నవి పనిచేస్తూనే ఉంటాయి. పూర్వం /డెవ్ కూడా డిస్కుమీదే ఉండేది, ఉన్నా లేకపోయినా ప్రతి పరికరానికీ వందల ఫైళ్లు ముందే చేసిపెట్టేవారు. అప్పట్లో తొలగిస్తే మళ్లీ చేత్తో చేసుకోవాల్సిందే. 2009 నుంచి డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ వచ్చాక కెర్నలే వాటిని మెమొరీలో సృష్టిస్తోంది, కాబట్టి రీస్టార్ట్ చేస్తే తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేయలేని సర్వరు అయితే /సిస్/బ్లాక్/ఎస్‌డీఏ/డెవ్ ఫైలును చదవండి. దాంట్లో 8:0 అని ఉంటుంది. ఆ రెండు అంకెలతో మేక్‌నాడ్ /డెవ్/ఎస్‌డీఏ బీ 8 0 అని కొట్టి, గ్రూపును డిస్క్‌కు, అనుమతులను 660కి మార్చండి.